పాత కారు ఇంజన్: లక్షణం ఒకచోట, జబ్బు ఇంకోచోట

నా కారుకి పదహారేళ్లు. పెట్రోల్ ఇంజన్, రెండు లక్షల కిలోమీటర్లు దాటి చాలా కాలమైంది. ఆ మధ్య దానికో వింత జబ్బు పట్టుకుంది. ఓ నలభై నిమిషాలు హాయిగా నడిచి, ఉన్నట్టుండి ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే ఇంజన్ గిరగిరా తిరిగేది కానీ అందుకునేది కాదు. అరగంట పక్కన పెట్టి మళ్లీ కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయ్యేది. ముందు ఫ్యూయల్ ఫిల్టర్ మార్పించాను, తర్వాత ఫ్యూయల్ పంపు, ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గులు. ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండటం, మళ్లీ నడిరోడ్డు మీద ఆగిపోవడం. చివరికి తేలిందేమిటంటే, ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పే చిన్న సెన్సర్ ఒకటి వేడెక్కినప్పుడు మూగబోతోంది, చల్లారగానే మళ్లీ పనిచేస్తోంది. ఆ సిగ్నల్ రాకపోతే ఇంజన్ తిరుగుతున్న సంగతే కంప్యూటర్‌కి తెలియదు, కాబట్టి అది స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు.

తీసేసిన పార్టులన్నీ మంచివే. మెకానిక్‌ని తప్పుపట్టడానికి లేదు, అతని దగ్గరికి తీసుకెళ్లిన ప్రతిసారీ కారు చక్కగా నడుస్తోంది మరి. జబ్బు లేనప్పుడు చేసే పరీక్షలో ఏం దొరుకుతుంది? కారు ఆగిపోయి ఉన్న ఆ అరగంటలోనే స్పార్క్ ఉందా, పెట్రోల్ వస్తోందా అని చూసుంటే పది నిమిషాల్లో తేలిపోయేది. అప్పటి నుంచి నేను పాటిస్తున్నది ఒకటే: పరీక్షలో దోషం రుజువయ్యాకే పార్టు మీద చెయ్యి వేయాలి. అందుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఇంజన్ ఎలా పనిచేస్తుందో కాస్త తెలిసుండాలి, ఓపిక ఉండాలి.

పెట్రోల్ ఇంజన్‌కి కావాల్సినవి నాలుగు: గాలి, పెట్రోల్, స్పార్క్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కడం). నాలుగూ సరైన మోతాదులో, సరైన క్షణంలో అందాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది, అందుకే అక్కడ కంప్రెషన్ తగ్గితే ముందుగా దెబ్బతినేది చలిలో స్టార్టింగ్. పికప్ లేదన్నా, మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ మండకుండా తప్పడం) ఉందన్నా, మైలేజ్ పడిపోయిందన్నా, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తగ్గిందనో, సమయం తప్పిందనో అర్థం. వినడానికి ఇంత తేలికైన విషయం పాత కారులో ఎందుకు ముడిపడిపోతుందంటే, కొత్త కారులో సాధారణంగా ఒక పార్టే పోతుంది, పాత కారులో అయిదారు పార్టులు ఒకేసారి సగం సగం పాడై ఉంటాయి. రబ్బరు గొట్టాలు గట్టిపడి బీటలిస్తాయి, కనెక్టర్ల పిన్నులకు చిలుము పడుతుంది, ఇంజెక్టర్ల నోట్లో మడ్డి పేరుకుంటుంది, సెన్సర్లు నెమ్మదిస్తాయి. దేనికదే చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది. వీటన్నిటికీ సర్దుకుంటూ కంప్యూటర్ బండిని లాక్కొస్తూ ఉంటుంది, ఇంకొక్కటి కాస్త తగ్గగానే దానికి సర్దడానికి చోటు మిగలదు. డాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగేది అప్పుడు. అప్పటికి జబ్బు మొదలై ఏడాది అయుండొచ్చు.

కోడ్‌లో ఉండేది ఫిర్యాదు

అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి ఇంజన్ దోషాలను కారే కనిపెట్టి కోడ్‌లుగా నమోదు చేసుకునే ఓబీడీ అనే వ్యవస్థ తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద ఎక్కడో పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, అందులో చిన్న స్కానర్ పెట్టి ఫోన్‌కి కలిపితే ఇంజన్ కంప్యూటర్ దాచుకున్న కోడ్‌లు కనిపిస్తాయి. పాత కారు ఉన్న ప్రతివాళ్ల దగ్గరా ఉండాల్సిన వస్తువు అది. కానీ ఎక్కువ డబ్బు వృథా అయ్యేది కూడా దాన్ని తప్పుగా చదవడం వల్లే. కోడ్‌లో సెన్సర్ పేరు కనిపించగానే ఆ సెన్సర్ మార్చేస్తారు. ఆ సెన్సర్ చాలాసార్లు తను చూసిన నిజమే చెప్తూ ఉంటుంది.

పీ0171 అనే కోడ్ తీసుకుందాం, పాత కార్లలో తరచుగా వచ్చేదే. మిశ్రమంలో పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైందని కంప్యూటర్ చేసే ఫిర్యాదు ఇది. పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువు ప్రకారం ఒక పాలు పెట్రోల్‌కి దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క కుదిరిందో లేదో తెలుసుకోవడానికి సైలెన్సర్ గొట్టం మొదట్లో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పాత తరహా సెన్సర్ అయితే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది, ఆక్సిజన్ మిగిలితే కిందికి, మిగలకపోతే పైకి. దానికి తెలిసింది పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అన్నదొక్కటే. ఎందుకు మిగిలిందో దానికి తెలియదు. ఇంటేక్ (ఇంజన్ గాలి పీల్చే దారి) దగ్గర చీలిన గొట్టంలోంచి లెక్కలోకి రాని గాలి దూరి ఉండొచ్చు. గాలిని కొలిచే సెన్సర్ తీగ మీద దుమ్ము పేరుకుని తక్కువ చూపిస్తుండొచ్చు. ఫ్యూయల్ పంపు నీరసించి ఉండొచ్చు. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందే సిలిండర్ల నుంచి పొగని తెచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలి బయటి గాలిని పీలుస్తుండొచ్చు. ఇంకోటి చాలామందికి తట్టదు: ఒక సిలిండర్‌లో స్పార్క్ పడకపోతే అందులోని ఆక్సిజన్ కాలకుండా బయటికొస్తుంది, పెట్రోల్ కూడా కాలకుండానే వస్తుంది, కానీ సెన్సర్ లెక్కపెట్టేది ఆక్సిజన్‌నే. అంటే అసలు దోషం స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌లో ఉండి, కోడ్ మాత్రం పెట్రోల్ తక్కువైందని రావచ్చు.

ఇన్ని అనుమానాల్లో ఏది నిజమో తేల్చడానికి స్కానర్‌లోనే దారి ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి, ఒకటి అప్పటికప్పుడు చేస్తున్న సర్దుబాటు, ఇంకోటి చాలా రోజులుగా అలవాటు చేసుకున్న సర్దుబాటు. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే కంగారు పడక్కర్లేదు. ప్లస్ ఇరవై అంటే కంప్యూటర్ తన లెక్క కంటే ఇరవై శాతం ఎక్కువ పెట్రోల్ పోస్తోందని అర్థం. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర పట్టుకుని ఇంకోసారి ఆ అంకె చూడండి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి వేగం పెరిగేకొద్దీ సున్నా వైపు దిగితే ఎక్కడో గాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే మొత్తం గాలే తక్కువ కాబట్టి చిన్న చీలిక కూడా పెద్ద వాటా అవుతుంది, వేగం పెరిగాక ఆ చీలిక లెక్కలోకి రానంత చిన్నదైపోతుంది. దీనికి తిరగబడి, ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి, లోడు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పెరిగితే పెట్రోల్ చాలడం లేదు, పంపునో ఫిల్టర్‌నో గాలి కొలిచే సెన్సర్‌నో చూడాలి. ఈ లెక్క గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న కార్లకు బాగా వర్తిస్తుంది, ఇంటేక్ మానిఫోల్డ్ ఒత్తిడి చూసి గాలిని అంచనా వేసే కార్లలో గాలి దూరితే ట్రిమ్ అంతగా మారకుండా ఐడ్లింగ్ స్పీడే పెరగొచ్చు. ఈ ఒక్క పరీక్షకి ఖర్చేమీ లేదు, దీన్ని చూడకుండా ఆక్సిజన్ సెన్సర్ మార్చిన వాళ్లెంతమందో.

పీ0420 కూడా ఇలాంటిదే, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదంటుంది. కన్వర్టర్ నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ అది చాలావరకు ఊరికే పోదు, దాన్ని ఎవరో చంపి ఉంటారు: నెలల తరబడి పట్టించుకోని మిస్సింగ్, లేదా సిలిండర్లలోకి దిగి కాలుతున్న ఇంజన్ ఆయిల్. ఆ హంతకుణ్ని పట్టుకోకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ అదే దారిన పోతుంది, పైగా ఇంజన్ పార్టుల్లో బాగా ఖరీదైన వాటిలో అదొకటి.

మిస్సింగ్ కోడ్‌లు కాస్త నయం, పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండో సిలిండర్, పీ0300 అంటే ఫలానా అని చెప్పలేనంత కలగాపులగంగా అని అర్థం. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్ ఉన్న కార్లలో దీన్ని ఇంట్లోనే తేల్చొచ్చు. ఒకటో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి మార్చి పెట్టి కాసేపు నడపండి. కోడ్ కూడా మూడుకి మారితే దోషం కాయిల్‌దే. ఒకటి దగ్గరే ఉండిపోతే ప్లగ్గు మార్చి చూడండి, ఆ తర్వాత ఇంజెక్టర్, దానికీ లొంగకపోతే అక్కడ కంప్రెషన్ కొలవాల్సిందే.

రెండు జాగ్రత్తలు. కోడ్ చూసిన వెంటనే దాన్ని చెరిపేయొద్దు, కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, స్పీడు ఎంత, లోడు ఎంత అనే వివరాలు దాంతోపాటు నమోదై ఉంటాయి, చెరిపితే ఆ సాక్ష్యం కూడా పోతుంది. ముందు ఫోటో తీసుకోండి. రెండోది, ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే ఇంటిదాకా రావచ్చు కానీ మిణుకు మిణుకుమంటూ కొట్టుకుంటుంటే కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని హెచ్చరిక, యాక్సిలరేటర్ వదిలి వీలైనంత త్వరగా పక్కన ఆపేయాలి.

వేడి విషయంలో రాజీ లేదు

మిగతా ఏ జబ్బుకైనా ఇంజన్ కొంత గడువిస్తుంది. వేడికి ఇవ్వదు. చాలా పాత ఇంజన్లలో సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుముది, పైన మూతలా ఉండే హెడ్డు అల్యూమినియంది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. మామూలు వేడిలో ఆ తేడాని మధ్యలో ఉన్న హెడ్ గ్యాస్కెట్ భరిస్తుంది, హద్దు దాటితే హెడ్డు వంగిపోతుంది, గ్యాస్కెట్ లీకవుతుంది. ఒక్కసారి, పదే పది నిమిషాలు, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని తోలితే చాలు.

అందుకే హీట్ సమస్యలో మొదటి ప్రశ్న ఎప్పుడు హీటెక్కుతోంది అన్నది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ముల్లు లేచి, బండి పరుగందుకోగానే దిగిపోతుంటే రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు. ఏసీ వేయగానే ఫ్యాను మొదలవ్వాలి, చాలా కార్లలో అంతే, బానెట్ ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. దీనికి భిన్నంగా ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వేగంగా పోతున్నప్పుడు లేస్తుంటే ఫ్యాను మీద అనుమానం అక్కర్లేదు, గాలి ఎలాగూ తగులుతోంది, లోపల కూలెంట్ చాలినంత పారడం లేదు: రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు, వాటర్ పంపు రెక్కలు అరిగిపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు.

థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 92 డిగ్రీల మధ్య తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే చిన్న వాల్వు. అది మూసుకుపోయి బిగిస్తే గొడవ వెంటనే తెలుస్తుంది. తెరుచుకునే ఉండిపోతే మాత్రం నెలల తరబడి తెలియదు. ఇంజన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు, ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది, మైలేజ్ పడిపోతుంది, పెట్రోలూ తేమా ఆయిల్‌లో చేరతాయి. మైలేజ్ తగ్గిందని ఇంజెక్టర్లు క్లీన్ చేయించే ముందు ఇంజన్ అసలు ఎంత వేడికి చేరుతోందో స్కానర్‌లో చూడండి. డాష్‌బోర్డు ముల్లుని నమ్మొద్దు, చాలా కార్లలో అది విశాలమైన పరిధి మొత్తానికీ నడిమధ్యనే నిలబడేలా చేసి ఉంటుంది, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. కూలెంట్ మొత్తం కారిపోయిందనుకోండి, వేడి సెన్సర్ ద్రవంలో కాకుండా ఆవిరిలో ఉండిపోయి తక్కువ కూడా చూపించొచ్చు. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయి, హీటర్‌లోంచి చల్లగాలి వస్తుంటే బండి ఆపేయండి.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు. అది లోపల దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలబెడుతుంది, ఆ ఒత్తిడికి మామూలు నీళ్లు కూడా వంద దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు పాడై ఒత్తిడి నిలవకపోతే మిగతా అన్నీ బాగున్నా కూలెంట్ మరిగి బయటికి పోతుంది. వేడి మీద మూత తీయకూడదనడానికి కారణం కూడా ఇదే, మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి మీదికి ఎగజిమ్ముతుంది. చర్మం ఊడొచ్చేంత కాలుతుంది. హీటెక్కిన బండిని పక్కకి తీసే ఆ కొద్ది దూరం హీటర్ ఫుల్‌లో పెట్టండి, అది ఇంజన్‌లోంచి కొంత వేడిని లాగేస్తుంది. తర్వాత ఆపేసి, చల్లారేదాకా వేచి ఉండండి.

కూలెంట్‌కి బదులు నీళ్లు పోసుకుంటూ నడిపేవాళ్లున్నారు. నీళ్లు వేడిని బాగానే మోస్తాయి, అది నిజం, కానీ తుప్పు పట్టకుండా ఆపే మందులు వాటిలో ఉండవు, కుళాయి నీళ్లలోని ఉప్పు గట్టిపడి రేడియేటర్ సన్నటి గొట్టాలను పూడ్చేస్తుంది. కూలెంట్‌లోని ఆ మందులకు కూడా ఆయుష్షు ఉంటుంది, రంగు బాగున్నంత మాత్రాన మందు మిగిలి ఉన్నట్టు కాదు. రంగు చూసి రకం పోల్చుకోవడం కూడా ప్రమాదమే, ఆకుపచ్చదైనా గులాబీదైనా తయారీదారు ఇష్టమే తప్ప దానికో ప్రమాణం లేదు. మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం వస్తుంది. కానీ ఆయిల్ మూత కింద కాస్త మీగడలాంటి తెలుపు కనిపించగానే హెడ్డు దించేయకండి, చిన్న చిన్న దూరాలే తిరిగే కార్లలో తేమ చేరి కూడా అలా అవుతుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలు కలిసినట్టుంటే అప్పుడు కంగారు పడాలి. నిర్ధారణకి మంచి పరీక్ష ఒకటుంది: రేడియేటర్ పైన ఉన్న గాలిని నీలంరంగు ద్రవంలోంచి పీలుస్తారు, మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపుపచ్చగా మారుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకముందే, పై హోసు రాయిలా బిగుసుకుంటే అది కూడా గట్టి ఆధారమే.

ఆయిల్ ఎటు పోతోంది

ఆయిల్ డబ్బా గుర్తున్న ఎర్రలైటు ఆయిల్ మట్టం చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది చూపించేది ఒత్తిడి. అది వెలిగేసరికి బేరింగులకి ఆయిల్ అందడం ఆగిపోయి ఉండొచ్చు, ఆ లైటు వెలిగితే సెకన్లలో ఇంజన్ ఆపాలి. మట్టం తెలియాలంటే డిప్‌స్టిక్ తప్ప దారి లేదు, చదునైన చోట, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక. చాలా కార్లలో కనిష్ఠ గుర్తుకీ గరిష్ఠ గుర్తుకీ మధ్య తేడా దాదాపు లీటరు. వెయ్యి కిలోమీటర్లకి ఎంత తగ్గుతోందో రాసి పెట్టుకుంటే మూడు నెలల్లో మీ ఇంజన్ ఎలా ఉందో మీకే తెలుస్తుంది.

తగ్గుతున్న ఆయిల్ బయటికైనా కారాలి, లోపలైనా కాలాలి. కాలితే నీలి పొగ. అది ఎప్పుడు వస్తోందన్నది ముఖ్యం. రాత్రంతా నిలబడి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి భుస్సుమని వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి, రాత్రి పైనుంచి బొట్లుబొట్లుగా దిగిన ఆయిల్ అది. యాక్సిలరేటర్ తొక్కినంత సేపూ వస్తుంటే పిస్టన్ రింగులు, టర్బో ఉన్న బండైతే టర్బో సీళ్లు కూడా. వాల్వు సీళ్ల పని భరించదగ్గది. రింగులంటే ఇంజన్ మొత్తం విప్పడమే, కాబట్టి ఈ రెండిటినీ వేరుచేసి చూడకుండా "ఇంజన్ బోరుకొచ్చింది" అన్న మాటకి తలూపొద్దు.

బయటికి కారుతుంటే ఒక చిన్న పార్టుని ముందు చూడాలి, పీసీవీ వాల్వు. పిస్టన్‌ల పక్కల నుంచి కొంత గాలి ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది, ఆ గాలిని ఇంటేక్‌లోకి లాగేసి లోపల ఒత్తిడి పెరగకుండా చూసేది ఇదే. మడ్డి పట్టి మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఎటో ఒకటు దారి వెతుక్కుంటుంది, సీళ్లలోంచి, గ్యాస్కెట్లలోంచి ఆయిల్‌ని తోసేస్తుంది. సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతోందంటే సీలు నాసిరకం అనుకుంటారు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి చూడండి, కొద్దిగా లోపలికి లాగితే మంచిదే, ఎగరగొడితే పీసీవీ మూసుకుపోయిందనో, రింగులు బాగా అరిగాయనో అర్థం.

రింగులా వాల్వులా అని తేల్చేది కంప్రెషన్ టెస్టు. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలూ స్పార్కూ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్‌కీ గేజ్ పెట్టి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్లలో సాధారణంగా 120 నుంచి 180 పీఎస్‌ఐ మధ్య వస్తుంది, కానీ అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది పదిహేను శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, ఆ ఆయిల్ కాసేపు సందుని మూసింది. పెరగకపోతే వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ పోయింది. ఈ పరీక్ష చేయకుండా ఇంజన్ విప్పుతానన్న వాళ్లకి మీ కారు ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం.

శబ్దం తగ్గడానికి చిక్కటి ఆయిల్ పోయమని సలహాలొస్తాయి. శబ్దం తగ్గొచ్చు, అరుగుదల తగ్గదు, పైగా చల్లటి ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పైదాకా చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది. లీకులు ఆపే పొడులూ ద్రవాలూ అంతే, రేడియేటర్‌లో చిల్లుని మూసేది హీటర్ సన్నటి గొట్టాలని కూడా మూస్తుంది. మంచి ఆయిల్‌ని సమయానికి మార్చడాన్ని మించిన మందు పాత ఇంజన్‌కి లేదు.

కరెంటు, శబ్దాలు, బెల్టు

సెన్సర్ల గోల మొదలైందంటే ముందు బ్యాటరీ చూడాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు, ఇంజన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇవన్నీ బాగున్నా మీటర్ ముల్లులు వణకడం, ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు రావడం ఉంటే ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరుని చూడండి. బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొడితే 0.2 వోల్టుల చుట్టూ ఆగాలి. అర వోల్టు చూపిస్తే ఆ వైరో దాని బోల్టో తుప్పుపట్టింది.

శబ్దాల్లో ఎక్కువగా భయపెట్టేవి రెండు. ఇంజన్ వేగంలో సగం లయతో టిక్ టిక్‌మనేది పైన వాల్వుల దగ్గరిది, ఇంజన్ వేగంతో సమానంగా లోతుగా ఢక్ ఢక్‌మంటూ లోడు పడేకొద్దీ పెరిగేది కింద కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ది. మొదటిదానికి సమయం ఉంది, రెండోదానికి లేదు, అలాగే నడిపితే ఇంజన్ సీజ్ అయిపోవచ్చు, రాడ్డు విరిగి బ్లాకులోంచి బయటికీ రావచ్చు. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని వేడెక్కాక మాయమయ్యేది చాలాసార్లు వాల్వుల దగ్గరి ట్యాపెట్ కూడా కాదు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు, లోహం వేడికి సాగి సందు మూసుకుంటుంది. ఇంజన్ మొత్తం ఊగిపోతుంటే మిస్సింగ్ అనుకునే ముందు ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంట్లు చూడండి, ముప్పావు వంతు బండ్లలో ఎవరూ వాటిని మార్చి ఉండరనిపిస్తుంది నాకు.

వాల్వులను పిస్టన్‌లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టుకి లక్షణాలుండవు, తెగేదాకా బాగానే ఉంటుంది. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్‌లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి. మాన్యువల్‌లో కిలోమీటర్లూ ఏళ్లూ రెండూ రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది, ఎందుకంటే బండి కదలకపోయినా రబ్బరుకి వయసు పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి మార్చినట్టు కాగితం లేకపోతే మార్చనట్టే లెక్క. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే బండైతే రెండూ ఒకేసారి మార్చాలి, విప్పే పని ఒకటే కాబట్టి. బెల్టు బదులు చైను ఉంటే పొద్దున స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు గలగలమంటోందా అని చెవిపెట్టి వినండి.

ఇన్నింటికీ నాకు ఎక్కువ ఉపయోగపడ్డ వస్తువు డాష్‌బోర్డులో పెట్టుకున్న చిన్న నోటుబుక్కు. ఆయిల్ ఎప్పుడు ఎంత పోశాను, కూలెంట్ మట్టం, ఏ పార్టు ఏ కిలోమీటరు దగ్గర మార్చాను, ఇంజన్ బాగున్న రోజుల్లో ఫ్యూయల్ ట్రిమ్ ఎంత, బ్యాటరీ ఎంత. బాగున్నప్పటి అంకెలు లేకపోతే జబ్బు చేసినప్పటి అంకెల్ని దేనితో పోల్చాలి? మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు కూడా "ఫ్యూయల్ పంపు పోయినట్టుంది చూడండి" అని తీర్పు చెప్పకుండా చూసింది చూసినట్టు చెప్తే అతని పని సగం అయిపోతుంది. వేడిగానా చల్లగానా, ఎంత సేపటికి, ఏ వేగంలో, ఆగినప్పుడు ఏ లైట్లు వెలిగాయి, మళ్లీ ఎప్పుడు అందుకుంది.

నా కారు విషయంలో నేను మొదటిరోజే చెప్పాల్సిన మాట ఇది: "నలభై నిమిషాలు నడిచాకే ఆగుతోంది, అరగంట చల్లారితే అందుకుంటోంది, ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు సున్నా మీంచి కదలడం లేదు." మామూలుగా మా కారులో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ ముల్లు రెండొందల దగ్గర కాస్త లేచి ఆడుతుంది. ఇంజన్ తిరుగుతున్నా అది కదలడం లేదంటే కంప్యూటర్‌కి క్రాంక్ సెన్సర్ నుంచి కబురు అందడం లేదు. ఆ ముల్లు నా కళ్లముందే ఉంది, మూడుసార్లు ఆగినప్పుడూ అలాగే ఉంది. నాలుగోసారి దాన్ని ఫోన్‌లో వీడియో తీసి చూపించాను, ఆ సాయంత్రానికి సెన్సర్ మార్చేశారు.